గుంటూరులో జాన్సెన్ ఏం చేశారు?

గుంటూరు మీద క్విజ్ పెడితే మిర్చి యార్డు తర్వాత వచ్చే ప్రశ్న హీలియం. 1868 ఆగస్టు 18, సంపూర్ణ సూర్యగ్రహణం, ఫ్రాన్సు నుంచి వచ్చిన జూల్ జాన్సెన్ అనే శాస్త్రవేత్త, ఆయన స్పెక్ట్రోస్కోపులో ఒక పసుపు గీత, అదే హీలియం. మా వైపు పిల్లలందరికీ నోటికి వచ్చిన కథే ఇది. ఇందులో ఊరు నిజం, తేదీ నిజం, మనిషి నిజం. పసుపు గీత దగ్గరే కొంచెం తేడా ఉంది, దాని సంగతి తర్వాత చెప్తాను. నాకు జాన్సెన్ మీద ఆసక్తి పుట్టింది హీలియం వల్ల కాదు. ఇరవై ఆరు బ్యాండ్ల వల్ల.

మా ఫైనలియర్ ప్రాజెక్టు హైపర్‌స్పెక్ట్రల్ అన్‌మిక్సింగ్. ఆ పేరు చూసి పేజీ తిప్పేయకండి, విషయం చాలా మామూలుది. మన ఫోన్ కెమెరా ఒక్కో పిక్సెల్‌కి మూడు అంకెలు దాచుకుంటుంది: ఎరుపు, ఆకుపచ్చ, నీలం. హైపర్‌స్పెక్ట్రల్ కెమెరా అదే పిక్సెల్‌కి వందల అంకెలు దాచుకుంటుంది. నాసా వాళ్ళ ఏవిరిస్ అనే పరికరం 1987 నుంచి విమానాల్లో ఎగురుతూ, 400 నుంచి 2500 నానోమీటర్ల దాకా ఉన్న వెలుగును 224 ముక్కలుగా తరుగుతుంది. అందులో కంటికి కనిపించేది మొదటి కొద్ది భాగమే, మిగతాదంతా ఇన్‌ఫ్రారెడ్. చిక్కల్లా ఎక్కడంటే, అంత ఎత్తు నుంచి తీసినప్పుడు ఒక్కో పిక్సెల్ నేల మీద ఇరవై మీటర్ల చదరం అవుతుంది. ఇరవై మీటర్లలో ఒక చెట్టు ఉంటుంది, పక్కన మట్టి ఉంటుంది, అంచున తారు రోడ్డు తగులుతుంది. వచ్చే వర్ణపటం వీటిలో ఏ ఒక్కదానిదీ కాదు, అన్నిటి కలగలుపు. ఆ కలగలుపులో ఏ పదార్థం ఉంది, ఎంత పాలు ఉంది అని లెక్క తేల్చడమే అన్‌మిక్సింగ్.

ఈ పని నేర్చుకునేవాళ్ళు వాడే డేటాల్లో జాస్పర్ రిడ్జ్ ఒకటి. కాలిఫోర్నియాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన అడవి అది. వంద బై వంద పిక్సెళ్ళ ముక్క, అందులో నాలుగే పదార్థాలు: చెట్లు, నీళ్ళు, మట్టి, రోడ్డు. దీన్ని తెరిచిన ప్రతివాళ్ళూ ముందుగా చేసే పని కొన్ని బ్యాండ్లను తీసి అవతల పారేయడం. 1 నుంచి 3, 108 నుంచి 112, 154 నుంచి 166, 220 నుంచి 224. మొత్తం 26. మిగిలేది 198. ఎందుకు తీసేస్తారంటే ముఖ్యంగా గాలిలోని నీటి ఆవిరి. 1400, 1900 నానోమీటర్ల చుట్టుపక్కల వెలుగును అది దాదాపుగా మింగేస్తుంది, కిందనున్న చెట్టు గురించి మనకు ఏమీ చేరనివ్వదు. కోడులో ఇదంతా ఒక్క లైను. గాలిలోని ఆవిరికి ఇలా సొంత గీతలుంటాయని అసలు ఎవరు తేల్చారు అని తవ్వుకుంటూ పోతే, ప్యారిస్ శివార్లలో ఒక గ్యాసు ఫ్యాక్టరీ, అందులో 37 మీటర్ల ఇనప గొట్టం, దాని చివర కన్ను పెట్టి నిలబడ్డ ఒక మనిషి దొరికారు. చూస్తే మన గుంటూరు జాన్సెనే.

ఆయన 1824 ఫిబ్రవరి 22న ప్యారిస్‌లో పుట్టారు. తండ్రి సంగీతకారుడు. పసితనంలో జరిగిన ప్రమాదంలో కాలు దెబ్బతింది, జీవితాంతం కుంటుతూనే నడిచారు. అందరు పిల్లల్లా బడికి పోలేదు, చదువు ఇంటి దగ్గరే. ఇంట్లో డబ్బు ఇబ్బందుల వల్ల పదిహేడు పద్ధెనిమిదేళ్ళ ఈడులో మనం ఎంసెట్‌కి కూర్చునే సమయానికి ఆయన బ్యాంకులో గుమాస్తాగా కూర్చున్నారు. ఉద్యోగం చేసుకుంటూనే చదువుకుని డిగ్రీ చేతికి తెచ్చుకునేసరికి ముప్పైకి దగ్గర పడ్డారు. ఈ భాగం ఎక్కువ చెప్పను, కష్టపడి చదివిన వాళ్ళ కథలు మన మ్యాగజైన్లో ఇప్పటికే చాలా ఉన్నాయి. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. ఈ కుంటికాలి మనిషి తర్వాత ఎక్కని కొండ లేదు, దాటని సముద్రం లేదు. 1857లోనే భూమి అయస్కాంత మధ్యరేఖను కొలవడానికి పెరూ వెళ్ళారు. అక్కడ జబ్బుపడి తిరిగొచ్చారు. ఆరోగ్యం కుదుటపడగానే మళ్ళీ ప్రయాణాలే.

1860లో డాక్టరేటు వచ్చింది. పరిశోధన విషయం చూడండి: కంటికి కనిపించని వేడి కిరణాలు, అంటే మనం ఇప్పుడు ఇన్‌ఫ్రారెడ్ అనేవి, కంటిలోని ద్రవాల గుండా ఎంతవరకు వెళ్ళగలవు? చాలావరకు వెళ్ళలేవని తేల్చారు. కన్నంటే చాలావరకు నీళ్ళే కదా, ఆ నీళ్ళే వాటిని తాగేస్తాయి. వెలుగు కెమెరాకి చేరేలోపు దారిలో ఎవరు ఎంత తినేస్తున్నారు అన్న ప్రశ్న ఆయన్ని మొదటి పరిశోధనలోనే పట్టుకుంది. ఆ తర్వాత నలభై ఏళ్ళూ ఇదే ప్రశ్నను రకరకాల చోట్లకు మోసుకుపోయారు.

అప్పటి పరిస్థితి కొంచెం చెప్పాలి. సూర్యకాంతిని పట్టకం గుండా పంపితే వచ్చే రంగుల పట్టీలో నల్లటి సన్న గీతలుంటాయని జర్మనీలో ఫ్రాన్‌హోఫర్ ఎప్పుడో చూపించారు. 1859, 60ల్లో హైడెల్‌బర్గ్‌లో కిర్కాఫ్, బున్సెన్ కలిసి ఒక్కో మూలకానికీ తనవంటూ కొన్ని గీతలుంటాయని తేల్చారు. అంటే ఆ నల్ల గీతలు చదివితే సూర్యుడిలో ఏముందో చెప్పేయొచ్చు. ఎంత పెద్ద విషయం! కానీ ఒక మెలిక ఉంది. సూర్యుడు దిగిపోతున్నప్పుడు కొన్ని గీతలు మరీ నల్లబడతాయని స్కాట్లాండులో బ్రూస్టర్ అంతకుముందే గమనించారు. సాయంత్రం వెలుగు ఎక్కువ గాలిని దాటి రావాలి. అంటే ఆ గీతలు సూర్యుడివి కావేమో, మన గాలివేమో. మనకు చేరే వర్ణపటంలో సూర్యుడి సంతకమూ భూమి సంతకమూ ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయన్నమాట. ఏది ఎవరిదో విడదీయాలి.

జాన్సెన్ ఏం చేశారంటే, మిశ్రమాన్ని మార్చి చూశారు. 1864లో స్విట్జర్లాండులో ఫౌల్‌హార్న్ కొండ ఎక్కారు. పైన గాలి తక్కువ, అనుమానపు గీతలు పలచబడ్డాయి. తర్వాత జెనీవా సరస్సు దగ్గర ఇంకా ముచ్చటైన ప్రయోగం. సరస్సు ఒడ్డున న్యోన్ అనే ఊళ్ళో దేవదారు కట్టెలతో పెద్ద మంట వేయించారు. దగ్గర నుంచి చూస్తే ఆ మంట వర్ణపటంలో ఏ నల్ల గీతా లేదు. ఇరవై ఒక్క కిలోమీటర్ల అవతల జెనీవా నుంచి అదే మంటను చూస్తే గీతలు వచ్చేశాయి! మధ్యలో సూర్యుడెక్కడా లేడు, ఉన్నది సరస్సు మీది తడి గాలి ఒక్కటే. ఇంతకంటే చవకైన ప్రయోగం, ఇంతకంటే గట్టి సాక్ష్యం నేనైతే ఎక్కడా చదవలేదు. కట్టెలూ, అగ్గిపెట్టే, దూరమూ.

అయినా ఆయనకు తృప్తి లేదు. గాలి అంటే నత్రజని, ఆక్సిజన్, ఆవిరి, ఇంకా ఏవేవో. వీటిలో ఎవరు దొంగ? 1866లో ప్యారిస్ దగ్గర లా విల్లెట్ గ్యాసు ఫ్యాక్టరీలో 37 మీటర్ల ఇనప గొట్టానికి రెండు వైపులా గాజు బిగించి, లోపల ఏడు వాతావరణాల పీడనంతో ఆవిరి నింపి, ఒక చివర గ్యాసు దీపాల వరుస పెట్టి, రెండో చివర నుంచి చూశారు. గాలి లేదు, సూర్యుడు లేడు, వట్టి ఆవిరి. సాయంత్రం ఆకాశంలో కనిపించే గీతల్లో చాలా వాటిని ఆ గొట్టంలో చూశారు. ఆయన చూసినవి కంటికి ఆనే చిన్న చిన్న గీతలు. మనం పారేసే 26 బ్యాండ్లలో ఎక్కువ భాగం అదే ఆవిరి ఇన్‌ఫ్రారెడ్‌లో చేసే పెద్ద దొంగతనం.

ఇక్కడ ఆగి మా నెట్‌వర్క్ ఏం చేస్తుందో చెప్తే పోలిక మీకే తెలుస్తుంది. మేం వాడేది ఆటోఎన్‌కోడర్. ఒక పిక్సెల్ తాలూకు 198 అంకెలు లోపలికి పోతాయి, పొరలు పొరలుగా కుదించుకుని నడుమ నాలుగు అంకెలవుతాయి, మళ్ళీ విచ్చుకుని 198 అవుతాయి. లోపలికి పోయిందీ బయటికి వచ్చిందీ వీలైనంత ఒకటిగా ఉండాలి, అదే దానికి పెట్టిన పరీక్ష. నడుమనున్న నాలుగు అంకెలకు సాఫ్ట్‌మ్యాక్స్ తగిలిస్తే ఏదీ సున్నాకి దిగువకు పోదు, అన్నీ కలిపితే ఒకటి అవుతుంది. అవే పాళ్ళు: ఈ పిక్సెల్‌లో చెట్టు ఇంత, మట్టి ఇంత. బయటికి విచ్చుకునే భాగంలో ఒకే ఒక్క లీనియర్ పొర ఉంచుతారు. ఆ పొర వెయిట్లే నాలుగు పదార్థాల వర్ణపటాలు. ఎండలో ఉన్న ఆకూ నీడలో ఉన్న ఆకూ ఒకే పదార్థం కాబట్టి తేడాను ప్రకాశంతో కాకుండా వర్ణపటాల మధ్య కోణంతో కొలుస్తారు. ఇది చెట్టు, ఇది రోడ్డు అని ఎవరూ దానికి చెప్పరు. పదివేల పిక్సెళ్ళూ చూసి అదే నేర్చుకోవాలి.

పాలనూ నీళ్ళనూ వేరు చేసే హంస గురించి మనం చిన్నప్పటి నుంచీ వింటున్నాం. కానీ హంసకు పాల రుచి ముందే తెలుసు కదా! మా నెట్‌వర్క్‌కి పాలూ తెలియవు, నీళ్ళూ తెలియవు, కలిసిన గిన్నె ఒక్కటే ఇచ్చి రెండూ ఏమిటో చెప్పమంటున్నాం. అది చెప్తుంది కూడా. ఎర్రర్ బాగా తగ్గుతుంది. అయితే ఎర్రర్ తగ్గిందంటే అర్థం నాలుగు వర్ణపటాలను ఏదో పాళ్ళలో కలిపితే చిత్రం తిరిగొస్తోందని మాత్రమే. ఆ నాలుగూ నిజంగా నేల మీదున్న నాలుగు పదార్థాలేనని కాదు. జాస్పర్ రిడ్జ్‌లో రోడ్డు పిక్సెళ్ళు కొన్నే కాబట్టి అసలు కష్టం రోడ్డు దగ్గరే. అది రోడ్డని పేరు పెట్టుకున్నది సగం మట్టీ సగం నీడా అయినా లెక్క మాత్రం సరిపోవచ్చు. జాన్సెన్ చేతిలో ఉన్నదీ, మాకు లేనిదీ ఇదే. అనుమానం వస్తే ఆయన కొండెక్కి గాలిని తగ్గించగలరు, సరస్సు దాటి గాలిని పెంచగలరు, అప్పటికీ కుదరకపోతే ఒక్క పదార్థాన్నే గొట్టంలో నింపి చూడగలరు. మాకు ఒకే చిత్రం, ఒకే రోజు, ఒకే విమానం.

అలాగని ఆయన్ని దేవుణ్ణి చేయక్కర్లేదు. 1867లో ఇటలీలో ఎట్నా అగ్నిపర్వతం మీద నుంచి అంగారకుణ్ణి చూసి, అక్కడ నీటి ఆవిరి గీతలున్నాయని ప్రకటించారు. అంగారకుడి వెలుగు కూడా మన గాలిని దాటే రావాలి. ఎట్నా పైన గాలి ఎంత పొడిగా ఉన్నా కొంత ఆవిరి ఉండనే ఉంటుంది. 1894లో అమెరికాలో లిక్ అబ్జర్వేటరీ నుంచి క్యాంప్‌బెల్ అంగారకుణ్ణీ చంద్రుణ్ణీ పక్కపక్కన పోల్చి, రెంటికీ తేడా ఏమీ లేదన్నారు. చంద్రుడి మీద గాలే లేదు కాబట్టి ఆ గీతలు భూమివే. గొట్టంలో అంత జాగ్రత్తగా విడదీసిన మనిషికే అంగారకుడి దగ్గర చెయ్యి జారింది. అక్కడ మిశ్రమాన్ని మార్చి చూసే వీలు లేదు మరి.

ఇక మన ఊరు. 1868 గ్రహణపు నీడ పడమటి తీరం నుంచి మొదలై దక్కను మీదుగా బందరు దాకా పోయింది. బ్రిటిష్ వాళ్ళు దారి పొడుగునా మనుషుల్ని పెట్టారు. మద్రాసు అబ్జర్వేటరీ నుంచి పోగ్సన్ బందరులో ఉన్నారు, మేజర్ టెనెంట్ గుంటూరులోనే వేరే చోట. జాన్సెన్ గుంటూరు ఎంచుకోవడానికి కారణం మబ్బులు. సముద్రం పక్కనైతే తేమ, కొండల దగ్గరైతే మేఘాలు, ఈ ఊరు రెంటికీ నడుమ. పైగా పత్తి వ్యాపారం కోసం వచ్చిన ఫ్రెంచి వర్తకులు ఊళ్ళో ఉన్నారు, వాళ్ళలో ఒకరి ఇంట్లో మకాం దొరికింది. ఆగస్టు నెలలో గుంటూరు వానలు మనకు తెలిసినవే. అయినా ఆ ఉదయం ఆకాశం దయతలచింది.

సూర్యుడు పూర్తిగా మూసుకుపోయిన సమయం అయిదు నిమిషాల పైన. నల్లటి వలయం అంచున ఎర్రటి జ్వాలలు లేచి కనిపించాయి. ప్రామినెన్సులంటారు వీటిని. ఇవేమిటో అప్పటికి ఎవరికీ తెలియదు. చంద్రుడివన్నవాళ్ళున్నారు, కంటి భ్రమ అన్నవాళ్ళున్నారు. జాన్సెన్ స్పెక్ట్రోస్కోపు సందును వాటి మీద పెట్టారు. రంగుల పట్టీ రాలేదు, నల్లటి మీద అయిదారు మెరిసే గీతలు వచ్చాయి. అంటే అవి మండే వాయువులు, అందులో ముఖ్యమైనది హైడ్రోజన్. అదే రోజు మిగతావాళ్ళూ ఇదే చూశారు. అందరిదీ ఒకటే పరిశీలన, అక్కడితో అయితే జాన్సెన్ పేరు పదిమందిలో ఒకటిగా మిగిలిపోయేది.

ఆయనకు తట్టింది వేరు. గీతలు ఇంత గట్టిగా మెరుస్తున్నాయంటే గ్రహణం లేకుండా కూడా కనిపించాలి కదా! రోజూ మనకు ప్రామినెన్సులు ఎందుకు కనిపించవు? సూర్యుడి చుట్టూ ఆకాశంలో చెదిరిన ఎండ వాటిని ముంచేస్తుంది. రెండు వెలుగులు కలిసి వస్తున్నాయి, ఒకటి కుండపోత, ఒకటి చినుకు. కానీ ఎండలో అన్ని రంగులూ ఉన్నాయి. పట్టకాలతో దాన్ని ఎంత విశాలంగా పరిస్తే అంత పలచబడుతుంది. ప్రామినెన్సు వెలుగు మాత్రం కొద్ది గీతల్లోనే ముద్దగా ఉంది, ఎంత పరిచినా ఆ గీతలు పలచబడవు. కాబట్టి పరుస్తూ పోతే ఎండ ఓడిపోయి గీత నిలుస్తుంది. రెండు మూలాలకు రెండు వేరు వేరు ఆకారాల వర్ణపటాలు ఉంటే చాలు, ఎంత బలహీనమైనదైనా బయటికి లాగొచ్చు. మా పాఠ్యపుస్తకాల్లో అన్‌మిక్సింగ్‌కి మొదటి షరతు ఇదే.

ఆ మధ్యాహ్నం మబ్బు పట్టేసింది. మర్నాడు, ఆగస్టు 19, తెల్లవారగానే దుర్భిణి దగ్గర కూర్చున్నారు. సందును సూర్యుడి అంచుకు తెచ్చారు. హైడ్రోజన్ ఎర్ర గీత మెరుస్తూ కనిపించింది, పట్టపగలు, గ్రహణం లేకుండా. ముందురోజు అయిదు నిమిషాల కోసం ఎన్ని దేశాలు ఓడలెక్కి వచ్చాయో, అది ఇక రోజంతా చూడొచ్చు. గుంటూరులో జరిగిన అసలు సంగతి ఇది. రెండు వారాల పైన అక్కడే ఉండి ప్రామినెన్సులు ఎలా పుడుతున్నాయో, ఎలా మారిపోతున్నాయో రోజూ రాసుకున్నారు.

రాసుకున్న తీరు ఇంకా ముఖ్యం. స్పెక్ట్రోస్కోపు సందులోంచి ఒకసారికి సన్నటి చీలిక మాత్రమే కనబడుతుంది. ఆయన సందును కొంచెం జరపడం, గీత ఎంత పొడుగు మెరుస్తోందో చూడడం, మళ్ళీ జరపడం, అలా చీలికలు పేర్చి జ్వాల ఆకారం గీశారు. మరుసటి ఏడాది స్పెక్ట్రోస్కోపును గిరగిరా తిప్పి కంటికి మొత్తం బొమ్మ ఒకేసారి ఆనేలా చేసే ఏర్పాటును ప్రతిపాదించారు. ఒక సందు, దాని వెనక రంగులు విడదీసే పరికరం, సందును జరుపుతూ బొమ్మ నింపడం. 2018 నవంబరు 29న శ్రీహరికోట నుంచి వెళ్ళిన ఇస్రో హైసిస్ ఉపగ్రహం భూమిని ఇలాగే చూస్తుంది. సందును జరిపే పని అక్కడ ఉపగ్రహపు పరుగే చేసిపెడుతుంది.

ఫలితాలను ఉత్తరంగా సెప్టెంబరు 19న కాకినాడ నుంచి రాశారు. నెల రోజులు ఆలస్యం! ఈలోగా ఇంగ్లండులో నార్మన్ లాక్యర్ అనే యుద్ధ శాఖ గుమాస్తా, రెండేళ్ళ కిందటే ఇదే ఆలోచన వచ్చినా పరికరం తయారుకాక ఆగిపోయినవాడు, అక్టోబరు 20న ఇంటి దగ్గర నుంచే ప్రామినెన్సు గీతలు చూశారు. ఇద్దరి ఉత్తరాలూ ప్యారిస్ అకాడమీలో అక్టోబరు 26న ఒకే సమావేశంలో చదివారు. గొడవ జరగాల్సిన చోట ఫ్రెంచి ప్రభుత్వం ఇద్దరి ముఖాలూ పక్కపక్కన ఉన్న పతకం వేయించింది. వాళ్ళిద్దరూ చివరి దాకా స్నేహితులే. నాకు ఈ కథలో బాగా నచ్చిన చోటు ఇది.

ఇప్పుడు పసుపు గీత. ఆ గ్రహణంలో చాలామంది పసుపులో ఒక గీత చూశారు, సోడియం గీత అనుకున్నారు. బందరులో పోగ్సన్ మాత్రం అది సోడియం చోటులో సరిగ్గా కూర్చోవడం లేదని గమనించారు. జాన్సెన్ కొత్త మూలకం ఉందని ఎక్కడా అనలేదు. ఆ తర్వాత లాక్యర్ దాని స్థానాన్ని కొలిచి, భూమ్మీద తెలిసిన ఏ మూలకానికీ సరిపోదని తేల్చి, హీలియం అన్న పేరు దాకా తీసుకుపోయారు. 1895లో రామ్సే ఒక ఖనిజంలోంచి దాన్ని పట్టుకునే దాకా చాలామంది నమ్మలేదు. కాబట్టి గుంటూరుకి హీలియం కీర్తి సగమే చెందుతుంది. పట్టపగలు జ్వాలలు చూసిన కీర్తి మాత్రం పూర్తిగా మనదే, మనమే దాన్ని అడగడం మానేశాం.

మిగతా జీవితం సినిమాలా ఉంటుంది. 1870లో జర్మన్ సేనలు ప్యారిస్‌ను చుట్టుముట్టాయి. డిసెంబరు 22న అల్జీరియాలో గ్రహణం. డిసెంబరు 2న తెల్లవారుజామున వోల్టా అనే బెలూనులో పరికరాలతో సహా ఎక్కి, శత్రువుల తలల మీదుగా ఎగిరి, పడమటి తీరం దగ్గర దిగి, ఒరాన్ చేరుకున్నారు. గ్రహణం రోజున మబ్బు! మరుసటి ఏడాది డిసెంబరు 12న నీలగిరుల్లో షోలూరు అనే పల్లె నుంచి ఇంకో గ్రహణం చూసి ఆ కసి తీర్చుకున్నారు. కరోనా వెలుగులో వాయువుల మెరుపు గీతలతో పాటు సూర్యుడి నల్ల గీతలు కూడా మసగ్గా ఉన్నాయని, అంటే అందులో కొంత ధూళి మీద పడి తిరిగొచ్చిన ఎండ అని చెప్పారు. అదీ విడదీయడమే. 1874లో శుక్రగ్రహణానికి జపాన్‌లో నాగసాకి వెళ్ళారు, ఫొటోలు వరసగా వాటంతటవే తీసే తుపాకీ లాంటి యంత్రం చేయించి తీసుకెళ్ళారు. సినిమా చరిత్ర రాసేవాళ్ళు ఆ యంత్రాన్ని తప్పకుండా చెప్తారు. ఆ తర్వాత ప్యారిస్ పక్కన మ్యూడన్‌లో ఆయన కోసం అబ్జర్వేటరీ కట్టారు.

మ్యూడన్‌లో మళ్ళీ గొట్టాలు. ఈసారి అరవై మీటర్లది, లోపల ఆక్సిజన్. ఇక్కడ ఒక వింత బయటపడింది. కొన్ని గీతలు ఆక్సిజన్ ఎంత ఉంటే అంతే నల్లబడుతున్నాయి. కొన్ని మసక పట్టీలు మాత్రం సాంద్రత రెట్టింపు చేస్తే నాలుగింతలు నల్లబడుతున్నాయి. వర్గం లెక్క. రెండు అణువులు ఢీకొన్నప్పుడే పుట్టే పట్టీలు అవి. విడివిడిగా ఒక్కోదాన్నీ చూసి కూడితే జవాబు రాదు, కలవడం వల్లే కొత్తది పుడుతోంది. మా రంగంలో దీన్నే నాన్‌లీనియర్ మిక్సింగ్ అంటారు. పళ్ళెంలో ఒక పక్క మిరపకాయలు, ఒక పక్క ఇటుక ముక్కలు పెట్టి పైనుంచి ఫొటో తీస్తే కూడిక చాలు. కారంలో ఇటుక పొడి కలిపితే వెలుగు ఒక రేణువు నుంచి ఇంకో రేణువుకి తగిలి తగిలి బయటికొస్తుంది, అప్పుడు కూడిక చెల్లదు. ఒక్క లీనియర్ పొర సరిపోక నెట్‌వర్క్‌లో అదనపు పొరలు పెట్టేది ఇందుకే.

ఆఖరి ప్రశ్న ఆక్సిజన్ గీతలు సూర్యుడివా, భూమివా అన్నది. 1889లో ఈఫిల్ టవర్ కట్టగానే దాని మీది దీపాన్ని ఏడు కిలోమీటర్ల పైన దూరంలో ఉన్న మ్యూడన్ నుంచి చూశారు, న్యోన్ మంటను చూసినట్టే. గీతలు కనిపించాయి. ఇక రెండో వైపు: గాలి తగ్గించాలి. మాంట్ బ్లాంక్, 4800 మీటర్లు. అరవై దాటిన మనిషి, కాలు సహకరించదు. నిచ్చెనలాంటి పల్లకీలో మోయించుకుని, ఇంకోసారి మంచు మీద బండిలో లాగించుకుని ఎక్కారు. శిఖరం మీదే అబ్జర్వేటరీ కావాలన్నారు. సొరంగం తవ్వించి చూస్తే రాయి తగల్లేదు, అంతా మంచే. అయితే మంచు మీదే కడదామన్నారు. చెక్క కట్టడాన్ని ముక్కలుగా కొండ మీదికి మోయించి 1893లో నిలబెట్టారు. అప్పటికి ఆయనకు అరవై తొమ్మిదేళ్ళు. కింద, నడుమ, పైన, ఎత్తు పెరిగే కొద్దీ ఆక్సిజన్ గీతలు గాలితో పాటే పలచబడుతూ పోయాయి. ఆ లెక్కన గాలి పూర్తిగా లేని చోట గీతలూ ఉండవు. ఆ గీతలు భూమివే. సూర్యుడిలో ఆక్సిజన్ ఉన్న సంగతి తర్వాత వేరే గీతల ద్వారా తెలిసింది.

జాన్సెన్ 1907 డిసెంబరు 23న మ్యూడన్‌లో చనిపోయారు. మంచు మీద కట్టిన అబ్జర్వేటరీ ఏటేటా ఒరుగుతూ, కూరుకుపోతూ వచ్చింది. 1909లో వదిలేశారు.

ఆ ఆక్సిజన్ గీతల్లో పెద్దది 760 నానోమీటర్ల దగ్గర ఉంటుంది. వాతావరణపు సవరణ చేయని హైపర్‌స్పెక్ట్రల్ చిత్రం దేన్నయినా తెరిచి, ఒక పిక్సెల్ తీసి గ్రాఫు గీయండి. అక్కడ కిందికి దిగిన సన్నటి గాటు కనబడుతుంది. చెట్టు మీద పిక్సెల్ తీసుకున్నా, రోడ్డు మీద తీసుకున్నా అదే చోట ఉంటుంది.